తమ్ముడి పిడికిలి

మొన్న ఆదివారం నా కూతురి చేతిలోంచి చోడిపిండి ముద్ద ఒకటి లాక్కుని, పొగలు కక్కుతున్నదాన్ని అలాగే నోట్లో కుక్కేసుకున్నాను. నాలుక బొబ్బలెక్కింది. పిల్ల ముందు నివ్వెరపోయింది, తర్వాత బావురుమంది. అది చేసిన తప్పల్లా ఒకటే. ఇద్దరం కూర్చుని పిడికిళ్ళు పట్టి, ఉడికించి, దించాక ఒకటి విడిగా తీసి పట్టుకుని, "అమ్మా, ఇది మావయ్యకి. మావయ్య పేరు చెప్పే పట్టాను" అంది.

మావయ్యంటే నా తమ్ముడు. వాడు ఊళ్ళో లేడు.

పిడికిళ్ళంటే పెద్ద వంటేం కాదు. చోడిపిండి, అంటే రాగిపిండి, దోరగా వేయించి, మరిగే బెల్లంనీళ్ళు పోసి కలిపి, చెయ్యి చురుక్కుమంటుండగానే ఇంత ముద్ద తీసి గుప్పిట్లో బిగించాలి. విప్పితే ఒకవైపు అరచేతి నునుపు, ఒకవైపు నాలుగు వేళ్ళ గీతలు. దాన్ని పసుపాకులో చుట్టి, అడుగున గడ్డి పరిచిన కుండలో ఆవిరి మీద పెట్టాలి. పసుపాకు వేడెక్కినప్పుడు వచ్చే వాసన అరకు కొండల్లో పుట్టినవాళ్ళని ఎక్కడున్నా మెడ పట్టుకుని వెనక్కి లాక్కుపోతుంది. నన్నది లాక్కుపోయే చోటికి వెళ్ళాలని నాకెప్పుడూ ఉండదు. అయినా చేస్తూనే ఉంటాను, పిల్లలకిష్టమని.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా ఇల్లు కొండవాలు మీద, కాఫీ మొక్కల మధ్య ఉండేది. పైన సిల్వరోకు చెట్లు, వాటికి చుట్టుకున్న మిరియాల తీగలు. వానాకాలం వస్తే మంచు గుమ్మంలోంచి లోపలికొచ్చి కూర్చునేది. ఎదురుగా పొయ్యి దగ్గర ఉన్న మనిషి కూడా మసగ్గా కనిపించేది. కింద లోయలో రైలు సొరంగంలో దూరిన చప్పుడు వినిపించేది కానీ, అది బయటికొచ్చే చప్పుడు ఒక్కోసారి వినిపించేదే కాదు. ఆ రైలు ఏమైందో అని నేను చాలాసేపు చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని.

ఇంట్లో నానమ్మ, అయ్య, అమ్మ, నేను, నాలుగేళ్ళ తమ్ముడు. పక్క ఇల్లు పెదనాన్న వాళ్ళది. వాళ్ళమ్మాయిని అక్క అనేదాన్ని. నాకంటే మూడేళ్ళు పెద్ద. నోట్లో నువ్వుగింజ నానదు దానికి.

వానలకి పొలం పని ఆగిన మధ్యాహ్నాల్లో నానమ్మ మా ముగ్గుర్నీ పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి పిడికిళ్ళు పట్టించేది. నానమ్మ వెనక్కి తిరిగితే చాలు, బెల్లం ముక్క అక్క బుగ్గలోకి పోయేది. ఉడికాక నానమ్మ ఆకులు విప్పి, గీతలు చూసి ఎవరిది ఎవరిదో చెప్పేది. ఒక్కసారీ తప్పేది కాదు.

"ఇది పెద్దగుంటది. పట్టు సూడు, పిల్లి పీక నొక్కీసినట్టు నొక్కీసింది. దీని మొగుడు సచ్చాడే" అనేది. నాది చూసి, "ఇదేటే, పట్టినావా, దువ్వినావా? అత్తోరింటికాడ కుండ దించమంటే కింద పడేత్తావు" అనేది. తమ్ముడివి మాత్రం అందరం గుర్తుపట్టేవాళ్ళం. వాడి చిటికెనవేలు ముడుచుకునేది కాదు, ఎప్పుడూ బయటికి పొడుచుకొచ్చేది. వాడి పిడికిలి మీద మూడే గీతలు.

ఎవరి పిడికిలి వాళ్ళే తినాలి. అదొక్కటే నానమ్మ పెట్టిన రూలు. ఎందుకని అడిగితే, "నీ సెయ్యి నీ నోట్లోకే ఎల్లాల" అనేది. ఊళ్ళో లేనివాళ్ళకి ఆవిడ ఎప్పుడూ పట్టలేదు. అయ్య సంతకెళ్ళిన రోజు కూడా పట్టేది కాదు. అయ్య అలిగితే పిండి విడిగా ఉంచి, వచ్చాక ఆయన చేతే పట్టించేది.

మా అమ్మ మిషన్ హాస్టల్లో చదువుకుంది. చర్చికి వెళ్ళేది. నానమ్మ వైపు వాళ్ళు కొత్త పంట తినే పండగలకి లోపలిగదిలో పెద్దల మూల దగ్గర ఆకు వేసి, పోయినవాళ్ళకి పెట్టేవారు. ఆ రోజుల్లో అమ్మ నన్నూ తమ్ముణ్ణీ వాళ్ళమ్మగారింటికి తీసుకుపోయేది. అందుకని ఆ ఆకులో ఏం పెడతారో నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసింది అమ్మ పద్ధతి. ఎసట్లో బియ్యం పోసేముందు అమ్మ పిడికెడు బియ్యం తీసి దేవుడి సంచిలో వేసేది. ఆదివారం చర్చికి పట్టుకెళ్ళేది. దూరంగా ఉన్నవాళ్ళ పేరు చెప్పి, ప్రార్థన చేసి మరీ వేసేది. "పిడికెడైనా పేరు చెప్పి పెడితే దేవుడు వాళ్ళని చూసుకుంటాడు" అనేది.

ఒకరు చెప్పిందీ ఒకరు చెప్పనిదీ నా బుర్రలో కలిసిపోయాయి. జరిగిందల్లా దానివల్లే.

ఆ ఏడు జ్వరాలు ఎక్కువ. మందు కొట్టేవాళ్ళు వచ్చి గోడలన్నీ తెల్లమచ్చలు చేసి పోయారు. ఆ ఘాటుకి కోడిపిల్లలు కూడా ఇంట్లోకొచ్చేవి కావు. అయినా తమ్ముడికి జ్వరం వచ్చింది. మూడోరోజుకి వాడు అమ్మని గుర్తుపట్టడం మానేశాడు. చూరుకేసి చూస్తూ ఎవరితోనో మాట్లాడేవాడు. జ్వరం మెదడుకెక్కిందన్నారు. అయ్య వాణ్ణి దుప్పట్లో చుట్టి భుజానేసుకుంటే అమ్మ వెనకాల పరిగెత్తింది. రైల్లో పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. తర్వాత పది రోజులు కబురు లేదు. మాకు ఫోన్లెక్కడివి? రోజూ మధ్యాహ్నం రైలు చప్పుడు వినగానే నానమ్మ గుమ్మంలోకొచ్చి నిలబడేది. మంచులోంచి ఎవరూ వచ్చేవారు కాదు.

శనివారం మధ్యాహ్నం. నాకు బాగా గుర్తు, మర్నాడు చర్చికి నన్నెవరు తీసుకెళతారా అని బెంగపడ్డాను. నేను ఏడుస్తూ కూర్చుంటే నానమ్మ, "ఓలే, ఏడిత్తే జొరం తగ్గుద్దేటి? లెగు, పిండి కలుపుదాం" అంది. అక్క వచ్చింది. ముగ్గురం పట్టాం. మంచు ఇల్లంతా నిండిపోయింది. పొయ్యిలో మంట ఉందో లేదో చేతిని బట్టి తెలుసుకోవలసినంతగా నిండిపోయింది. ఇంతలో ఆవు కట్టు తెంచుకుందని నానమ్మ బయటికి పోయింది. ఆకులు చాలలేదని అక్క పెరట్లోకెళ్ళింది.

గిన్నెలో ఇంకొంచెం పిండి మిగిలింది.

దాన్ని తీసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. తమ్ముడి పేరు చెప్పి, వాణ్ణి చూసుకోమని యేసయ్యని అడిగి, గుప్పిట బిగించాను. నాలుగు వేళ్ళూ గట్టిగా బిగించినట్టు నాకు గుర్తు. ఆకులో చుట్టి అందరివాటికీ అడుగున పెట్టేశాను. మంచిపని చేసిన పిల్లలకి కలిగే తేలిక కలిగింది నాకు. పది రోజుల్లో అదే మొదటిసారి.

ఉడికాక నానమ్మ ఒక్కో ఆకూ విప్పింది. మావి మాకిచ్చింది. అడుగునున్నది చేతిలోకి తీసుకుని విప్పింది. విప్పి, కదలకుండా ఉండిపోయింది. నేను వంగి చూశాను. దాని మీద మూడే గీతలున్నాయి.

పిండి తక్కువైంది కదా, చిటికెనవేలికి ముద్ద అంది ఉండదు. ఇది ఇప్పుడు నేను చెప్పుకునే మాట. అప్పుడు మాత్రం నా వీపు మీద ఎవరో తడిచెయ్యి వేసినట్టయింది. ఆ గీతలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉన్నాయి. తొమ్మిదేళ్ళ పిల్ల వేళ్ళలా లేవు.

"ఎవులు పట్టినారిది?" అంది నానమ్మ. గొంతు చాలా చిన్నగా ఉంది.

"నేనే. తమ్ముడికి."

"పేరెట్టినావా?"

"ఆఁ. పేరు సెప్పి ప్రార్థన కూడా సేసినాను."

అక్క చేతిలో పిడికిలి కింద పడిపోయింది. దానికి తెలుసు. ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి గుంటకీ తెలుసు, నాకు తప్ప.

నానమ్మ నన్ను కొట్టలేదు. కొట్టుంటే బాగుండేది. పక్కన కూర్చోబెట్టుకుని, నా తల మీద చెయ్యి వేసి చెప్పింది. "ఇంట్లో లేనోడికి పేరెట్టి పిడికిలి పట్టకూడదమ్మా. పోయినోలికే అలగ పడతారు. పట్టి పెద్దల మూల పెడతారు. పేరిన్నాక ఆళ్ళొచ్చి కూసుంటారు. మీయమ్మ సెప్పనేదేటి నీకు? ఆవిడికీ తెల్దులే."

"మరి పారీ నానమ్మా."

"పారీడానికి ఇది ఎంగిలి కూడేటి? పిలిసినాక ఎవులో ఒకలు ఎల్లాల."

నాకప్పుడు అర్థమైంది. తమ్ముడు బతకాలని నేను చేసిన పని వాణ్ణి చచ్చినవాళ్ళ పంక్తిలో కూర్చోబెట్టింది. నాకు ఏడుపు కూడా రాలేదు. "నేను తినీస్తాను, నేనెల్తాను" అన్నాను.

నానమ్మ నవ్వింది. నిజంగానే నవ్వింది. "నీకింకా పళ్ళే పూర్తిగా రానేదు, ఎక్కడికెల్తావే!" అంది.

లేచి ఆ పిడికిలి పట్టుకుని లోపలిగదిలోకెళ్ళింది. పెద్దల మూలలో, పొయ్యికి వీపు పెట్టి కూర్చుని తినడం మొదలెట్టింది. తొందరేం లేదు. పళ్ళు లేని నోటితో కొంచెం కొంచెంగా, రుచి చూస్తూ తింది. మంచు ఆ గదిలోకీ వెళ్ళింది. ముందు ఆవిడ కాళ్ళు కనపడటం మానేశాయి, తర్వాత నడుము. నమిలే చప్పుడు ఒక్కటే వినిపించింది. ఒక్క నోరు నమిలినట్టు లేదు అది. నేనూ అక్కా ఒకరి చెయ్యొకరం పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాం.

"నానమ్మా" అని పిలిచింది అక్క. పలకలేదు.

"నానమ్మా!" మళ్ళీ పలకలేదు.

మూడోసారి నేను పిలిచాను. ఆవిడ బయటికొచ్చి, మా ఇద్దరి పక్కనుంచే నడుచుకుంటూ పోయి కోళ్ళని మూయడానికి గంప తీసుకుంది. తర్వాత ఎటో చూస్తూ అంది, "నన్నింక పిలవకండి. నేనెల్లిపోనాను. ఆడి వంతు నేను తినీసినాను." అక్కకేసి తిరిగి, "నోరు ఇప్పినావంటే నీ నాలిక కోసీస్తాను" అని కూడా అంది. చచ్చిపోయినావిడ మాటకి అక్క అంత భయపడటం నేను మళ్ళీ చూడలేదు. పెళ్ళయి పిల్లల్ని కన్నా అది ఈ సంగతి ఎక్కడా అనలేదు.

సోమవారం అయ్య వచ్చాడు. గెడ్డం పెరిగి, కళ్ళు లోతుకిపోయి, నవ్వుతూ వచ్చాడు. "గండం గడిసిందమ్మా! శుక్రారం పొద్దున్నే కళ్ళిప్పి అమ్మా అన్నాడు. గంజి తాగినాడు" అన్నాడు.

శుక్రవారం. మేం పిడికిళ్ళు పట్టింది శనివారం.

నా ప్రాణం లేచొచ్చింది. పెరట్లోకి పరిగెత్తి, పసుపు మళ్ళో కలుపు తీస్తున్న నానమ్మ ముందు కూలబడ్డాను. పిలవకూడదు కాబట్టి పిలవకుండానే చెప్పాను. "ఆడు ముందురోజే లెగిసిపోనాడంట! నువ్వు తినక్కల్లేకపోయింది. నువ్వు ఎల్లక్కల్లేదు."

ఆవిడ కలుపుమొక్క మట్టి దులిపి పక్కన పెట్టింది. "ముందురోజు లెగిసినోడినే కదే నువ్వు మర్నాడు పిలిసినావు" అంది. "తిన్నదాన్ని ఇప్పుడు కక్కమంతావేటి?" అని నవ్వి, "ఆడికి మాత్రం ఎప్పుడూ సెప్పకు. తెలిసిందంటే ఆడి వంతు మళ్ళీ ఆడికే ఎల్లిపోద్ది" అంది.

తమ్ముడు గుండుతో, పుల్లల్లాంటి కాళ్ళతో ఇంటికొచ్చాడు. వాకిట్లో దించగానే చేతులు చాపుకుని నానమ్మ మీదికి పరిగెత్తాడు. ఆవిడ రెండు చేతులూ తలమీదికెత్తేసుకుని, వెనక్కి వెనక్కి నడిచి గోడకి అతుక్కుపోయింది. వాడు ఆవిడ కాళ్ళ ముందు బోర్లాపడి, ఊపిరి తిరక్కుండా ఏడ్చాడు. ఆవిడ చేతులు దించలేదు. పోయినవాళ్ళు ముట్టుకుంటే పసివాడికి మళ్ళీ జ్వరం తగులుతుందట. అది నాకు తెలుసు. అమ్మకి తెలీదు. "నీకు గుండె ఉందా అత్తా?" అని అమ్మ అరిచింది.

వాడు బతికొచ్చినందుకు అయ్య మేకని కోశాడు. ఊరంతా తిన్నారు. తమ్ముడు అయ్య ఒళ్ళో కూర్చుని కార్జెం ముక్కలు తిన్నాడు. నేనూ బాగా తిన్నాను, అబద్ధమెందుకు. ముహూర్తాలూ పూజలూ చూసే దిసారి తాత పెద్దల మూల దగ్గర చాలాసేపు ఏదో చేశాడు. తమ్ముడి కోసమే అనుకున్నాం.

నానమ్మ తర్వాత పదకొండేళ్ళు ఉంది. బతికింది అనడానికి నోరు రావడం లేదు, ఉంది. చోళ్ళు విసిరేది, కోళ్ళని మూసేది, వలిసె గింజలు దంచి పచ్చడి చేసేది. పిలిస్తే మాత్రం పలికేది కాదు. చెవుడొచ్చిందని అయ్య మందులు తెచ్చాడు. అటక మీద పిల్లి అడుగు వేస్తే వినిపించే మనిషికి చెవుడేమిటి? అందరూ తిన్నాక, పెద్దల మూలలో గోడకి తిరిగి తినేది. పిడికిళ్ళు పట్టడానికి మాతో మళ్ళీ కూర్చోలేదు.

తమ్ముణ్ణి ఒక్కసారీ ముట్టుకోలేదు. కానీ వాడు బడికి పోతుంటే కాఫీ మొక్కల చాటున, దూరంగా వెనకాలే నడిచేది. మంచులో వాడు వెనక్కి తిరిగి చూస్తే చీర అంచొకటి కనిపించి మాయమయ్యేదట. "అక్కా, నానమ్మ నా ఎనకాల దెయ్యంలాగ తిరుగుతాది. నేను సావాలని సూత్తాదేమో" అని వాడు నా దగ్గర ఏడ్చేవాడు. నేను వాడి ముక్కు తుడిచి, బెల్లం పెట్టి ఊరుకోబెట్టేదాన్ని. చెప్పాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో!

ఆవిడ పోయినప్పుడు వాడికి పదిహేనేళ్ళు. అయ్య ఏడుస్తూ దిసారి తాత దగ్గరికి పోయి దినం ఎప్పుడు చెయ్యాలని అడిగాడు. పండుముసలి ఆయన అప్పటికి. "ఎన్నిసార్లు సేత్తారు నాయనా? దినం అయిపోనాది కదా. గుంటడు ఆసుపత్రి నుంచొచ్చినప్పుడు మేకని కోసినారు, అది ఆవిడ దినమే. ఆవిడే వొచ్చి సెప్పింది, నా పేరునే పెట్టు, నా కొడుక్కి సెప్పకు అని" అన్నాడు.

గోడ పట్టుకుని కక్కాను. పదకొండేళ్ళ కిందటి కూడు ఎక్కడుంటుంది? నీళ్ళే వచ్చాయి. మేమంతా నవ్వుకుంటూ నానమ్మ దినం భోజనం చేశాం. ఆవిడే వడ్డించింది.

తమ్ముడు పాడె మోయలేదు. జేబుల్లో చేతులు పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. తలా పిడికెడు మట్టి వెయ్యమంటే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. వాడిది తప్పనలేను.

ఇప్పుడు నేను బడిలో సైన్సు చెబుతాను. దోమ ఎలా కుడుతుందో, ఆ క్రిమి రక్తంలో ఏం చేస్తుందో బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. మందు పడింది, పిల్లాడు బతికాడు, అంతే. ఒక ముసలమ్మ ఒక ముద్ద తింటే ఏమవుతుంది, చోళ్ళు ఒంటికి మంచివి. ఇలా అనుకుంటే కాసేపు హాయిగానే ఉంటుంది.

పోయినేడు తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టేరోజు అందరం చేరాం. అయ్య బాగా పెద్దవాడైపోయాడు. గొంతు సవరించుకుని, "మాయమ్మ పేరెడదాం రా. మీ నానమ్మ పేరు" అన్నాడు.

తమ్ముడు పిల్లని ఒళ్ళోంచి దించలేదు, గొంతు పెంచలేదు. "నన్నొక్కసారైనా ఎత్తుకోని మనిషి పేరు నా పిల్లకెందుకు అయ్యా?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పక్కా. ఆవిడికి నేనంటే ఎందుకు పడీది కాదు? నేనేటి సేసినాను?"

నలభైకి దగ్గరపడుతున్నవాడు, నాలుగేళ్ళ పిల్లాడి మొహం పెట్టుకుని అడిగాడు. అయ్య చూస్తున్నాడు. అమ్మ చూస్తోంది. నా నోరు తెరుచుకుంది. ఒరే, నువ్వంటే ఆవిడకి ప్రాణంరా, ఆ ప్రాణం నీకిచ్చేసి తిరిగిందిరా అని మాట గొంతులోకి వచ్చేసింది.

పిల్ల వాడి చూపుడువేలు పట్టుకుని నిద్రపోతోంది.

"నాకేటి తెలుసురా, ముసలోళ్ళ సాదస్తాలు" అన్నాను. "నీకు నచ్చిన పేరెట్టుకో."

మంచి పేరే పెట్టారు. నానమ్మ పేరు ఇక మా ఇంట్లో ఎవరికీ ఉండదు. ఆవిడ చెప్పింది నేను నమ్ముతానా అంటే, నమ్మను. నమ్మనని వాడి ముందు నిరూపించే ధైర్యం మాత్రం నాకు లేదు.